సయాజీరావు గాయక్వాడ్ జీవితము – ఒక వంశధ్యేయవాక్యపు అనువాదము

సూరతు జిల్లాలోని పల్సానా తాలూకా నేడు అద్దకపు మిల్లులకును చెఱకు పంటకును పేరొందిన ప్రదేశము. బొంబాయి–అహమ్మదాబాదు రాజమార్గమును, సూరతు–ధూలియా రాజమార్గమును ఈ తాలూకాలో ఒండొంటిని దాటును. ఈ రెండవ మార్గమున తూర్పుగా పోయినచో బార్డోలీ, వ్యారాల మీదుగా సోన్‌గఢ్ దుర్గమును చేరవచ్చును. 1949వ సంవత్సరమున బొంబాయి రాష్ట్రమున కలియువఱకు పల్సానా బరోడా సంస్థానమునకు చెందిన నవసారి ప్రాంతములోని యొక తాలూకా. ఆ సంస్థానమును 1875 మొదలు 1939 వఱకు ఏలిన మూడవ సయాజీరావు గాయక్వాడ్ జీవితమును, అతని వంశధ్యేయవాక్యమును తెలుగు చేయుటలో గల సమస్యతో జోడించి పరిశీలించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము. ఆ వాక్యమునకు అర్థము నిఘంటువులలో కొంత దొరకును. మిగిలినది ఆ వంశచరిత్రలోను, ముఖ్యముగా ఈ రాజు చరిత్రలోను వెదకికొనవలసియున్నది.

ఆ వాక్యము "జీన్ ఘర్, జీన్ తఖ్త్" అనునది. ఇందు నాలుగే మాటలు గలవు. ఒక మాట రెండుమార్లు వచ్చినది. క్రియ లేదు, విభక్తి ప్రత్యయము లేదు, సముచ్చయము లేదు. జీన్, తఖ్త్ అనునవి పారసీకము నుండి వచ్చిన శబ్దములు. మొదటిది గుఱ్ఱపు పల్యాణమునకును, రెండవది రాజాసనమునకును పేర్లు. ఘర్ అనునది ఆధునికార్యభాషలలో ఇంటికి వాడుక మాట. పారసీకము, దేశభాషయు ఇట్లు కలసిన మిశ్రభాష నాటి దండువిడుదులలోని వ్యవహారభాష. ఆంగ్లమున దీనిని చెప్పువారు స్వామ్యార్థక సర్వనామమును చేర్చి "మా జీను, మా సింహాసనము" అను అర్థము వచ్చునట్లు వ్రాయుట కలదు. ఆ పద్ధతిలో లేని మాట యొకటి వచ్చి చేరినది. ఉన్న మాటలలో ఇల్లు జారిపోయినది. రెండు ఉపమేయములలో ఒకటి పోయిన యనువాదమును సంపూర్ణ మనరాదు.

వంశచిహ్నము క్రింద ఒక చిన్న వాక్యమును వ్రాయు ఆచారము ఐరోపాలో బలపడినది. అచ్చట ఆ వాక్యములు పెక్కులు లాటిన్ భాషలో నుండును. సూరతునకు ఈ ఆచారము ఈస్టిండియా కంపెనీ ద్వారా పరిచితమైనది. 1613లో సూరతున కోఠీని నెలకొల్పిన ఆంగ్లవర్తకుల సంఘము తరువాత రూపము మార్చుకొన్నది; 1698లో నూతన కంపెనీకి లభించిన చిహ్నమున "అవుస్పికియో రేగిస్ ఎత్ సెనాతూస్ ఆంగ్లియే" అను లాటిన్ వాక్యము గలదు. ఇంగ్లండు రాజుయొక్కయు శాసనసభయొక్కయు ఆశ్రయమున అని దాని భావము. ఇచ్చట మొదటి శబ్దము గమనింపదగినది. పక్షులను చూచి శుభాశుభములను నిర్ణయించుట దానికి మూలార్థము. తరువాత అధికారము, ఆశ్రయము అను నర్థములు వచ్చినవి. సంస్కృతమున శకునశబ్దమునకు పక్షి యనియు నిమిత్త మనియు రెండర్థములు గలవు. కనుక ఈ లాటిన్ మాటలోని పక్షిని భారతీయభాషల పండితుడు వెంటనే గుర్తించును. అయినను అనువాదమున శకునమును నిలుపలేడు, ఆశ్రయమునే నిలుపవలెను. ఏలయన ఆ వాక్యమును వ్రాసినవారి మనస్సున పక్షి అప్పటికే యెగిరిపోయినది. మూలార్థము ఎచ్చట సజీవము, ఎచ్చట నిర్జీవము అని తేల్చుటయే ధ్యేయవాక్యముల యనువాదములో మొదటి పని.

మన శాసనములలోని బిరుదములు ఇట్టి వాక్యములకు కొంత సమీపమున నుండును గాని అవి వేఱు. విజయనగర రాజుల "మూరురాయరగండ" వంటి బిరుదము రాజును వర్ణించును. అతని శౌర్యమును ఇతరులకు చాటును. ధ్యేయవాక్యము వంశము తనకు తాను చెప్పికొను మాట. అందుచేత బిరుదము రాజుతోనో రాజ్యముతోనో ముగియవచ్చును. ధ్యేయవాక్యము తరువాతి తరమువారిని నిలదీయును. గాయక్వాడ్ వాక్యము సయాజీరావును ఎట్లు నిలదీసినదో చూచుటకు పూర్వము, అది యెట్టి బ్రదుకు నుండి పుట్టినదో తెలిసికొనవలెను.

గాయక్వాడులు ఛత్రపతి సేనాపతియైన దాభాడేల క్రింద పనిచేసిన మరాఠా యోధులు. దామాజీ గాయక్వాడ్ 1720లో బాలాపుర యుద్ధమున చూపిన పరాక్రమమునకు షంషేర్ బహదూర్ అను బిరుదము నందెను. అతని సోదరుని కుమారుడు పిలాజీ సోన్‌గఢ్‌ను స్థావరముగ జేసికొని, సూరతు మండలముపై దాడులు సలిపి చౌతు వసూలు చేసెను. నేటి పల్సానా మీదుగా పోవు మార్గములు అతని గుఱ్ఱపు దళములకు సంచారభూమి. పిలాజీ 1732లో డాకూరున హత్యకు గురియయ్యెను. అతని కుమారుడు రెండవ దామాజీ 1734లో బరోడాను స్వాధీనము చేసికొని నిలుపుకొనెను. ఇల్లు నిలుకడగ లేనివారికి, సింహాసనము ఇంకను దొరకనివారికి జీనే యిల్లు, జీనే గద్దె యగుట అలంకారము కాదు, అనుదిన వ్యవహారము. ఈ వాక్యములోని జీను వారి కాలమున సజీవమైన వస్తువు.

సయాజీరావు జన్మించునాటికి ఆ స్థితి మాఱినది. ఇతడు 1863 మార్చి 11వ తేదీన నాసిక జిల్లాలోని కవళాణా గ్రామమున వ్యవసాయకుటుంబమున పుట్టెను. తండ్రి కాశీరావు, బాలునికి పెట్టిన పేరు గోపాలరావు. వంశము గాయక్వాడులదే యైనను ఈ శాఖకు రాజ్యముతో సంబంధము తెగి పొలముతో సంబంధము మిగిలినది. బరోడాలో ఖండేరావు మరణానంతరము అతని తమ్ముడు మల్హారరావు గద్దె నెక్కెను. బ్రిటిషు రెసిడెంటునకు విషప్రయోగము చేయించెనను అభియోగముపై విచారణ జరిగి, 1875 ఏప్రిల్‌లో మల్హారరావు పదవీచ్యుతుడయ్యెను. ఖండేరావు భార్య జమ్నాబాయి దత్తతకై వంశశాఖలలోని బాలురను రప్పించి, వారిలో గోపాలరావును ఎన్నుకొనెను. మే 27వ తేదీన దత్తత జరిగెను, బాలుడు సయాజీరావయ్యెను. పండ్రెండేండ్ల వయస్సున అతనికి చదువు లేదనియే చెప్పవలెను. పొలము, పసులు తెలిసిన పిల్లవాడు గద్దెపై గూర్చుండెను; వంశధ్యేయవాక్యమును చదువుటకు సైతము అతడు ముందు అక్షరములు నేర్వవలసియుండెను.

ఆ చదువు కఠినముగ సాగెను. ఇలియట్ అను ఆంగ్లేయుడు ఉపాధ్యాయుడుగ వచ్చెను. బాలరాజు మరాఠీ, గుజరాతీ, ఉర్దూ, ఆంగ్లములను ఏకకాలమున అభ్యసించెను. దివానుగ నియుక్తుడైన తంజావూరు మాధవరావు పరిపాలనమును చక్కదిద్దుచు, రాజధర్మమునుగూర్చి యువరాజునకు ఉపన్యాసములొసగెను. మాధవరావు కుంభకోణమున జన్మించి, మద్రాసున విద్యనభ్యసించి, తిరువాన్కూరు, ఇందూరు సంస్థానములలో దివానుగ పనిచేసినవాడు. దక్షిణదేశపు పాలనానుభవము బరోడాకు అతని వెంట వచ్చెను. 1877 జనవరి 1వ తేదీన ఢిల్లీలో జరిగిన దర్బారునకు సయాజీరావును తీసికొనిపోయిరి. సంస్థానాధీశులకు వంశచిహ్నములు గల పతాకములను ఆ సమయమున బహూకరించిరి. వంగదేశపు సివిలు ఉద్యోగియైన రాబర్ట్ టేలర్ ఐరోపా పద్ధతి ననుసరించి వానిని కల్పించెను. స్వదేశరాజుల వంశగౌరవమును విదేశపు చిత్రలిపిలోనికి అనువదించుట అచ్చట జరిగినది. 1881 డిసెంబరు 28వ తేదీన సయాజీరావునకు సంపూర్ణాధికారములు లభించెను.

అంతకు పూర్వమే, 1880లో తంజావూరు మోహితే వంశపు లక్ష్మీబాయితో అతని వివాహము జరిగెను. బరోడాలో ఆమె చిమ్నాబాయి యయ్యెను. ఈ సంబంధమున తంజావూరి నర్తకీబృందము బరోడా యాస్థానమునకు వచ్చెను. తంజావూరు నృత్యసంప్రదాయమున పదములకును వర్ణములకును తెలుగు ప్రధానభాష యగుటచే, గుజరాతు నడుమ నున్న మరాఠా ఆస్థానమున తెలుగు పాట వినబడుటకు ఈ వివాహము కారణమయ్యెను. చిమ్నాబాయి 1885లో మరణించెను. దేవాసు నుండి వచ్చిన రెండవ రాణియు చిమ్నాబాయి యను పేరనే ప్రసిద్ధురాలయ్యెను. భారతస్త్రీల స్థితినిగూర్చి ఈమె రచనలో పాలుగొన్న ఆంగ్లగ్రంథము 1911లో వెలువడెను.

సయాజీరావు పాలనము గ్రామమునకు ఎట్లు తగిలినదో పల్సానా వంటి తాలూకాలో బాగుగ తెలియును. ఇచ్చట బరోడా గ్రామములును బ్రిటిషు గ్రామములును పెనగొనియుండెడివి. ప్రక్కనున్న బార్డోలీ బ్రిటిషు తాలూకా. 1893లో సయాజీరావు అమ్రేలీ తాలూకాలోని కొన్ని గ్రామములలో నిర్బంధ ప్రాథమికవిద్యను పరీక్షార్థము ప్రవేశపెట్టెను. 1906లో దానిని సంస్థానమంతటికిని శాసనముగ జేసెను. నాటి నుండి పల్సానా గ్రామములోని పిల్లవాడు బడికి పోవుట విధి. పొలిమేర దాటినచో అట్టి విధి లేదు. 1911లో గోఖలే బ్రిటిషిండియాకు ఇట్టి శాసనమును ప్రతిపాదించినపుడు బరోడాను ఉదాహరించెను గాని ఆ ప్రతిపాదనము నెగ్గలేదు. బరోడాలోను ఈ శాసనము కష్టములేక సాగలేదు. పిల్లలను పంపని తల్లిదండ్రులపై జరిమానాలు విధించిరి. కూలిపై బ్రదుకు కుటుంబములకు అవి భారమయ్యెను. చదువులేక గద్దెనెక్కిన రాజు చదువును బలవంతముగనైనను పంచదలచెనని గ్రహించిననే ఈ పట్టుదలకు కారణము బోధపడును.

బడిలో నేర్చిన అక్షరము మఱచిపోకుండుటకు పుస్తకము కావలెను. 1910లో అమెరికా నుండి బోర్డెన్ అను గ్రంథాలయ నిపుణుని పిలిపించి, రాజధానిలో కేంద్రగ్రంథాలయమును, గ్రామములలో చిన్న గ్రంథాలయములను, పెట్టెలలో ఊరూరికి పోవు సంచారగ్రంథాలయములను సయాజీరావు ఏర్పాటు చేయించెను. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టి తెలుగుజిల్లాలలో ఉద్యమము వ్యాపించినది. ఒకచోట రాజాజ్ఞచే, మఱియొకచోట ప్రజాసంకల్పముచే ఒకే కాలమున ఒకే పని సాగినది.

పుస్తకములు ఏ భాషలో నుండవలెనను ప్రశ్న వెంటనే వచ్చును. రాజవంశము మాట మరాఠీ, ప్రజల మాట గుజరాతీ, పైప్రభుత్వపు మాట ఆంగ్లము. 1912లో సయాజీరావు రెండు లక్షల రూపాయల మూలధనము నేర్పఱచి, దాని వడ్డీపై దేశభాషలలో గ్రంథములు వ్రాయించుటకును అనువదింపజేయుటకును ఏర్పాటు గావించెను; సయాజీ సాహిత్యమాల అట్లు నడచినది. 1915లో వచ్చిన పురోహిత శాసనము మఱింత ఆశ్చర్యకరము. పురోహితుడు పరీక్షలో నెగ్గవలెను. కర్మ చేయించుకొనువారికి మంత్రార్థమును వారి భాషలో తెలుపవలెను. అర్థము తెలియని పవిత్రవాక్యముకంటె తెలిసిన వాక్యము మేలని ఒక ప్రభుత్వము శాసనరూపమున చెప్పుట ఇచ్చట చూతుము. 1931లో వెలువడిన సయాజీ శాసన కల్పతరువు పాలనాపరిభాషకు ఎనిమిది భాషలలో సమానపదములను వరుసగ జూపిన కోశము. ఆ వరుసలో తెలుగు లేదు.

ప్రాచీనగ్రంథముల ముద్రణమున మాత్రము తెలుగువారి చేయి గలదు. 1916లో రాజశేఖరుని కావ్యమీమాంసతో గాయక్వాడ్ ప్రాచ్యగ్రంథమాల ప్రారంభమయ్యెను. కల్యాణి చాళుక్యుడైన సోమేశ్వరుని మానసోల్లాసపు మొదటి సంపుటము 1925లో అందే వెలువడెను. అభినవభారతీ సహితమైన నాట్యశాస్త్రమును మానవల్లి రామకృష్ణకవిగారు పరిష్కరింపగా 1926లో మొదటి సంపుటమును, 1934లో రెండవదియు, 1954లో మూడవదియు ఈ మాలలో ముద్రితములయ్యెను. 1927లో స్థాపితమైన ప్రాచ్యవిద్యాసంస్థయే తరువాత వాల్మీకి రామాయణపు సంశోధితపాఠమును 1960–1975 నడుమ ప్రకటించినది.

లాటిన్ తెలిసినవారు బరోడాలో లేకపోలేదు. కేంబ్రిడ్జిలో గ్రీకు, లాటిన్‌లను నేర్చిన అరవిందఘోష్ 1893 నుండి 1906 వఱకు ఈ సంస్థానపు ఉద్యోగిగనుండి, కళాశాలలో ఫ్రెంచిని, ఆంగ్లమును బోధించెను. కపుర్తలా వంటి సంస్థానములు తమ చిహ్నముల క్రింద లాటిన్ వాక్యమునే ధరించినవి. గాయక్వాడ్ చిహ్నము క్రింద మాత్రము దండుభాషలోని నాలుగు మాటలే నిలిచినవి. చిహ్నమునకు విదేశపు రూపము వచ్చినను వాక్యమునకు రాలేదు.

ఇక ఆ వాక్యములోని యిల్లు సయాజీరావు జీవితమున ఎట్టిదయ్యెను? 1890లో పూర్తియైన లక్ష్మీవిలాస మందిరము దేశములోని గొప్ప రాజగృహములలో నొకటి. కాని 1887 నుండి ఇతడు ఆరోగ్యార్థమును, లోకజ్ఞానార్థమును పలుమార్లు ఐరోపాకు, అమెరికాకు పోయెను. ఏండ్లలో గణనీయమైన భాగము రైలులోను ఓడలోను విదేశపు విడుదులలోను గడచెను. గుఱ్ఱము పోయి ఓడ వచ్చినను సంచారము పోలేదు. సంస్థానాధీశులు తఱచుగ విదేశములకు పోరాదని 1900లో కర్జన్ పంపిన ఉత్తరువు ఇతనిని ప్రత్యేకముగ ఉద్దేశించినదని నాడే తలచిరి. రాజు దూరముగనున్న రాజ్యము ఉద్యోగుల చేతిలో నుండుననిన విమర్శ నిరాధారము కాదు. ఆ దూరము నుండి చూచిన బడులు, గ్రంథాలయములే స్వదేశమున రూపొందినవనుటయు నిజమే. ఇంటిలో దుఃఖము ఎక్కువ. పెద్దకుమారుడు ఫతేసింగ్ 1908లో, శివాజీరావు 1919లో, జయసింగ్ 1923లో తండ్రి యెదుటనే గతించిరి.

గద్దె విషయమునను పరీక్ష వచ్చెను. 1911 డిసెంబరు 12వ తేదీన ఢిల్లీ దర్బారులో అయిదవ జార్జి చక్రవర్తికి సయాజీరావు ఒక్కసారి తలవంచి, వెనుకకు నడువక వీపు త్రిప్పి మరలెను. ఆభరణములను గూడ నిరాడంబరముగ ధరించెను. ఇంగ్లండు పత్రికలు దీనిని అవమానముగ నెంచి దుమారము లేపినవి; ఇతడు వైస్రాయికి వివరణ పంపవలసివచ్చెను. రాజభక్తి లోపమని కొందఱు, తొట్రుపాటని కొందఱు వ్యాఖ్యానించిరి. ఒకటి స్పష్టము: ఇతని తఖ్తు పరుల యనుమతిపై నిలిచినది; పిలాజీ జీను అట్లు కాదు. ఇంతటి పరిమితిలోనే, 1913లో అంబేద్కరును కొలంబియా విశ్వవిద్యాలయమునకు పంపిన విద్యార్థివేతనము వంటి పనులు, 1908లో స్థాపితమైన బరోడా బ్యాంకు వంటి సంస్థలు నెరవేరినవి. 1939 ఫిబ్రవరి 6వ తేదీన సయాజీరావు బొంబాయిలో మరణించెను. మనుమడు ప్రతాపసింగ్ గద్దెనెక్కిన పదియేండ్లకే, 1949 మేలో, సంస్థానము విలీనమయ్యెను. అదే సమయమున బరోడాలో సయాజీరావు పేరిట విశ్వవిద్యాలయము వెలసెను.

ఈ చరిత్రను ఎదుట నుంచుకొని వాక్యమును తెలుగు చేయుదము. సంస్కృతసమములతో "పర్యాణమే గృహము, పర్యాణమే సింహాసనము" అనవచ్చును. అర్థము తప్పదు గాని దండుభాష శాసనభాష యగును. "జీనే ఇల్లు, జీనే తక్తు" అన్నచో మూలశబ్దములు రెండు నిలుచును. తక్తు నేటి తెలుగు పాఠకునికి దూరము. సింహాసనమున మూలములో లేని సింహ మొకటి వచ్చి కూర్చుండును. గుజరాతీ, మరాఠీలలో రాజపీఠమును గాదీ యందురు. అది మెత్తయు నగును. దానికి ధ్వనిలోను అర్థములోను దగ్గఱగా తెలుగున గద్దె గలదు. మెత్తవేసిన ఆసనమను భావము జీనునకును పీఠమునకును సమానము గనుక ఇచ్చట పోలిక బలపడును. "జీనే ఇల్లు, జీనే గద్దె": ఇల్లు, గద్దె రెండును ద్విత్వాక్షరముతో ఒకే తూకమున నడచును. తెలుగున నామవాక్యమునకు క్రియ అక్కఱలేదు. ఆంగ్లమునకు వలె సర్వనామమును చేర్ప బనిలేదు. లాటిన్ ధ్యేయవాక్యములకు సహజమైన సంక్షిప్తత మన భాషకు శ్రమలేక లభించును.

ఒక నష్టము మాత్రము కలదు. మూలమున రెండు నామములు ప్రక్కప్రక్కన నిలిచినవి. తెలుగున అవధారణార్థకమైన ఏకారము చేరక సమానాధికరణము స్ఫుటము కాదు. ఆ ఏకారముచే జీను తప్ప వేఱు ఇల్లు లేదను నియమార్థము కూడ వచ్చును. పిలాజీకి ఆ నియమము సరిపోవును. లక్ష్మీవిలాసమున నివసించిన సయాజీరావునకు సరిపోదు. ఈ చిక్కును తప్పించుకొనుటకై జీనును కర్తవ్యమనియో, శ్రమయనియో భావానువాదము చేయుట సులభము. అట్లు చేయరాదు. కంపెనీ వాక్యములో పక్షి నిర్జీవమైనట్లు ఇచ్చట జీను నిర్జీవము కాలేదు. పిలాజీ దాడుల బాటలోని ఊళ్లలో మూడవ సయాజీరావు బడులు తెఱచినపుడు ఆ మార్పు యొక్క పరిమాణము తెలియుటకు జీను వాక్యములో నుండియే తీరవలెను. కర్తవ్యమని అనువదించినచో పాఠకునికి ముగింపు మాత్రమే చేతికందును. నడచిన దూరము కనబడదు.

ఈ ప్రశ్న పండితులకు మాత్రమే పరిమితము కాదు. సూరతు మగ్గములపై బ్రదుకునకు తెలంగాణము నుండియు ఆంధ్రము నుండియు వచ్చిన తెలుగు కుటుంబములు పెక్కులు గలవు. ఆ నగరపాలక సంస్థ తెలుగుమాధ్యమమున ప్రాథమికపాఠశాలలను నడపుచున్నది. తాము నివసించు నేల చరిత్రను ఆ పిల్లలు తమ భాషలో చదువవలసినవారు. 1931 నాటి కోశమున తెలుగునకు దొరకని వరుసను ఇట్టి చిన్న వాక్యములతోనైనను మనము పూరింపవచ్చును. పల్సానాకు ఇరుగుపొరుగున పెరుగు తెలుగు బాలునికి "జీనే ఇల్లు, జీనే గద్దె" అని చెప్పినచో, జీననగా నేమని అతడు అడుగును. దానికి బదులు చెప్పబూనిన ఉపాధ్యాయుడు సోన్‌గఢ్ నుండి ప్రారంభింపవలసియుండును.